లిటిల్ అండమాన్ ప్రయాణం మాఘ పౌర్ణమి తరువాతికి మారింది

సంక్రాంతి తరువాతి వారంలో బరంపురం నుంచి బయలుదేరవలసిన లిటిల్ అండమాన్ ప్రయాణం మాఘ పౌర్ణమి వెళ్ళిన తరువాతి వారానికి మారిందని, డబ్బు కట్టిన కుటుంబాలన్నింటికీ ఈపాటికే ఫోను ద్వారా తెలియజేశాను. ఫోనులో చెప్పిన రెండు మాటలతో చాలామందికి తృప్తి కలగలేదు. ఛత్రపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం నుంచి ఏళ్ళ తరబడి కాశీకీ రామేశ్వరానికీ మా వెంట వస్తున్నవారు, అసలేం జరిగిందో దాచకుండా చెప్పమని అడిగారు. అడిగే హక్కు వారికి ఉంది కనుక ఇది రాస్తున్నాను.

పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం అని పిలుస్తున్న ఊరిలో, ఒక మధ్యవర్తికి రెండు పనులు అప్పగించాము. లిటిల్ అండమాన్ ద్వీపంలోని హట్ బే అనే ఊరిలో మనందరికీ సరిపడే గదులు ఖాయం చేయడం ఒకటి. అక్కడికి వెళ్ళే ప్రభుత్వ ఓడకు టికెట్లు సకాలంలో తీయడం రెండవది. దసరా నాటికే బయానా పంపాము, అందినట్టు ఆయన రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. విమాన టికెట్లు కూడా మీ పేర్లతో కొన్న తరువాత, ప్రయాణం నెల రోజుల్లో పడిందనగా, ఆ గదులు మరొక పెద్ద బృందానికి ఇచ్చేశామని తాపీగా కబురు చేశారు. బయానా వాపసు గురించి అడిగితే, అది హేవ్‌లాక్ ద్వీపంలో (ఇప్పటి అధికారిక పేరు స్వరాజ్ ద్వీప్) గదులకు సర్దుబాటు చేస్తామన్నారు. ధర కూడా పెంచబోమని, పైగా హేవ్‌లాక్ లిటిల్ అండమాన్ కంటే పేరున్న చోటు కాబట్టి మీరంతా సంతోషిస్తారని నాకు నచ్చజెప్పబోయారు. నేను ఒప్పుకోకపోయేసరికి ఆయన అన్న మాట ఇది: "మీ బరంపురం వాళ్ళకు ఏ బీచ్ అయితే ఏమిటండీ?"

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. గోపాలపురం సముద్రం మనకు పట్టుమని అరగంట దూరంలో ఉంది. సెలవు రోజు సాయంత్రం అక్కడి జనాన్నీ బజ్జీల బండ్లనూ చూసి వచ్చేవాళ్ళకు, మరొక రద్దీ బీచ్ చూపించడానికి వేల రూపాయలు తీసుకుంటే అది వ్యాపారమే కాదు. మనకు బీచ్ తెలుసు కాబట్టే ఏ బీచ్ అన్నది మనకు ముఖ్యం.

అయినా నిర్ణయం తేలికగా జరగలేదని మీకు చెప్పాలి. హేవ్‌లాక్‌కు సరేనని ఉంటే విమాన టికెట్ల తేదీ మార్చే పని లేదు, ఎవరి సెలవులూ చెడవు, బయానా డబ్బు పోదు. రాధానగర్ బీచ్ నిజంగా అందమైనదే. అక్కడికి ప్రైవేటు ఓడలు కూడా నడుస్తాయి కనుక టికెట్ల బెంగ ఉండదు. మా ఇంట్లోనూ అందరూ అదే సలహా ఇచ్చారు. మరోవైపు, తేదీ మారిస్తే పదో తరగతి పరీక్షలు రాసే పిల్లలున్న కుటుంబాలు రాలేవు; వారిలో రెండు కుటుంబాలు మా ఆఫీసు తెరిచిన కొత్తలో నన్ను నమ్మి మొదటి పూరీ ప్రయాణానికి వచ్చినవారు. వారిని వదిలి వెళ్ళడమా, చెప్పిన చోటు కాని చోటికి అందరినీ తీసుకెళ్ళడమా అన్న మీమాంసలో నిద్ర పట్టని రాత్రులు గడిచాయి. చివరికి ఆ ఇళ్ళకు స్వయంగా వెళ్ళి అడిగాను. ఒక పెద్దాయన, "హేవ్‌లాక్ అయితే మా అల్లుడు ఎప్పుడైనా తీసుకెళ్తాడు బాబూ, నువ్వు చెప్పింది అది కాదు కదా" అన్నారు. ఆ మాటతో నా మనసు స్థిరపడింది. మొండితనమని కొందరు అన్నారు, అనుకోనివ్వండి.

చెప్పిన చోటు ఏమిటో ఇంకొకసారి వివరిస్తాను. పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న ద్వీపం లిటిల్ అండమాన్. దాని దక్షిణాన పది డిగ్రీల జలసంధి, ఆ జలసంధి దాటితే నికోబార్ దీవులు. హట్ బే జెట్టీ నుంచి ఉత్తరంగా పోయే ఒకే ఒక ప్రధాన రోడ్డు మీద, సుమారు 14 కిలోమీటర్ల దూరంలో బట్లర్ బే తీరం వస్తుంది. అలల మీద పలకలతో తేలియాడే సర్ఫింగ్ ఆట ఆడేవారు ఆ తీరాన్ని వెతుక్కుంటూ వస్తారు. అడవిలో వైట్ సర్ఫ్, విస్పర్ వేవ్ అనే రెండు జలపాతాలు ఉన్నాయి. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ హట్ బేను తీవ్రంగా దెబ్బతీసింది. డుగాంగ్ క్రీక్ వైపు ఓంగే తెగవారి రక్షిత ప్రాంతం ఉంది. అటు ఎవరికీ ప్రవేశం లేదు. ఎంత డబ్బిచ్చినా తీసుకెళ్ళలేము, తీసుకెళ్ళము, దయచేసి అడగవద్దు. ఋషికుల్య ముఖద్వారం దగ్గర మనం చూసే ఆలివ్ రిడ్లే తాబేళ్ళకంటే ఎన్నో రెట్లు పెద్దవైన తోలువీపు తాబేళ్ళు ఆ ద్వీపపు దక్షిణ, పశ్చిమ తీరాలలో గుడ్లు పెడతాయి. అవి కనిపిస్తాయని మాత్రం నేను ఎవరికీ మాట ఇవ్వడం లేదు. వాగులూ ఏరులూ సముద్రంలో కలిసే చోట ఉప్పునీటి మొసళ్ళు ఉంటాయి కనుక, స్థానికులు వద్దన్న నీటిలో ఎవరూ దిగకూడదు. ఈ విషయంలో పిల్లలకూ పెద్దలకూ ఒకటే నియమం.

తక్కువ ఖర్చు ఎలా సాధ్యమైందని అడిగేవారికి జవాబు ఓడలోనే ఉంది. హేవ్‌లాక్, నీల్ దీవులకు తిరిగే ప్రైవేటు ఓడలు హట్ బేకు పోవు. అక్కడికి పోయేవి ప్రభుత్వ ఓడలు, వాటి టికెట్టు చవక. అయితే ఆ టికెట్లు బయలుదేరడానికి కొద్ది రోజుల ముందు మాత్రమే ఇస్తారు, ద్వీపవాసులకు ప్రాధాన్యం ఉంటుంది, సముద్రం బాగా లేకపోతే ఓడ రద్దవుతుంది. ఆసుపత్రికీ కాలేజీకీ పోవడానికి అక్కడివారికి దారి అదే కనుక వారికి ముందు చోటు ఇవ్వడం న్యాయమే. మనం చేయవలసిందల్లా హట్ బే నుంచి వెనక్కి వచ్చిన తరువాత విమానానికి ముందు రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేలా ఏర్పాటు చేసుకోవడం. ఆ రెండు రాత్రుల గది అద్దె దండుగ అని కొందరు విసుక్కున్నారు. ఓడ ఒక రోజు ఆగిపోయి విమానం తప్పితే అప్పటికప్పుడు కొనే టికెట్టు ధర ముందు ఆ అద్దె ఏపాటిదో లెక్క వేసి చూడండి. ఓడలు సమయానికి నడిస్తే ఆ రోజుల్లో సెల్యులార్ జైలు తీరిగ్గా చూడవచ్చు.

కాలం విషయంలో ఈ మార్పు మనకు మేలే చేసింది. ఫిబ్రవరిలో అక్కడ వానలు తక్కువ, సముద్రం కొంత నెమ్మదిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో అండమాన్ ప్రయాణం పెట్టమని అడిగేవారికి నేను ఎప్పుడూ ఒప్పుకోను. 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటి మన ఇళ్ళ పైకప్పులు లేపుకుపోయిన ఫైలిన్ తుపాను అంతకు ముందు అండమాన్ దీవుల మీదుగానే వచ్చింది. గంజాం జిల్లావారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఇక డబ్బు. మనిషికి 29,500 రూపాయలు అని చెప్పాము, అదే ఉంటుంది. విమాన టికెట్ల తేదీ మార్పుకు అయిన రుసుము, పెరిగిన ఛార్జీ, ఆ మధ్యవర్తి దగ్గర ఇరుక్కున్న బయానా, ఇవన్నీ ఆఫీసు భరిస్తుంది. బయానా కోసం నోటీసు పంపించాము. వసూలు అయినా కాకపోయినా ఆ భారం మీ మీద పడదు. కొత్త తేదీలకు రాలేనివారికి కట్టిన సొమ్ము పూర్తిగా, ఒక్క రూపాయి కోత లేకుండా వాపసు ఇస్తాము. "తరువాతి ప్రయాణానికి జమ చేసుకుంటాము" అనే మాట మా ఆఫీసులో వినపడదు. ఆ మాట వినిపించుకున్నవాడిని కనుక దాని రుచి నాకు తెలుసు.

ఈసారి మధ్యవర్తి లేరు. హట్ బేలో గదుల యజమానులతోనే నేరుగా మాట్లాడి, సొమ్ము వారి ఖాతాకే పంపి, గదుల వారీగా రసీదులు తీసుకున్నాము. చూడాలనుకున్నవారు ఆఫీసుకు వచ్చి చూడవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. వారిలో శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళినవారు ఎందరో. అలా సోంపేట ప్రాంతం నుంచి వెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన ఒకాయన ఓడ టికెట్ల పని చూస్తారు. ఆయనకు కూలి ఇస్తున్నాము, ముందస్తు మూట ఇవ్వడం లేదు.

మిగతావన్నీ మునుపు చెప్పినట్టే. హౌరాకు రైలు, కలకత్తా నుంచి విమానం. గదులు శుభ్రంగా ఉంటాయి కానీ ఏసీ అన్నిటికీ లేదు. ఏటీఎంలను నమ్ముకోకుండా చేతిఖర్చు నగదుగా తెచ్చుకోండి, అసలు గుర్తింపు కార్డు మరచిపోకండి. అక్కడ సాయంత్రం ఐదున్నరకే పొద్దు కుంకుతుంది కనుక తెల్లవారుజామునే బయలుదేరవలసి ఉంటుంది. ఆలస్యంగా లేచేవారికి ఈ విషయంలో మినహాయింపు లేదు.

వచ్చేదీ రానిదీ భోగి నాటికి ఆఫీసుకు తెలియజేయండి. వాపసు కోరినవారికి కనుమ వెళ్ళిన మూడు రోజుల్లో సొమ్ము ఖాతాలో పడుతుంది. ఖాళీ అయిన చోట్లు ముందుగా ఇదివరకు మాతో ప్రయాణించినవారికే ఇస్తాము. హేవ్‌లాక్ కూడా చూడాలని ఉన్నవారు చివరి రెండు రోజుల్లో తమ ఖర్చుతో వెళ్ళి రావచ్చు, అభ్యంతరం లేదు. ఓడ వేళలు చెప్తాను, టికెట్టు మాత్రం మీరే తీసుకోవాలి.