అడుగు అనే ఊరి నుంచి

ఒరేయ్ శీనూ,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకోకు. రైలు మారడానికి రష్యాలో ద్నో అనే ఊళ్లో నాలుగు గంటలు కూర్చోవాల్సి వచ్చింది, ఇప్పటికి తీరిక దొరికింది. ద్నో అంటే రష్యన్‌లో ‘అడుగు’. బావి అడుగు, గిన్నె అడుగు అంటామే, అదే. బోర్డు మీద మూడే అక్షరాలు. దిగినవాళ్లంతా దాని పక్కన నిలబడి, అడుక్కి చేరాం అని నవ్వుకుంటూ ఫొటో దిగుతున్నారు. నేనూ దిగాననుకో.

గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడివి, నీకు జంక్షన్ గురించి నేను చెప్పేదేముంది! 1897లో బొలొగొయె నుంచి ప్స్కోవ్‌కు లైను వేస్తూ ఇక్కడ స్టేషన్ పెట్టారు. కొన్నేళ్లకి పీటర్స్‌బర్గ్ నుంచి వీతెబ్స్క్ పోయే లైను దానికి అడ్డంగా వచ్చింది. పల్లె కాస్తా జంక్షనైంది. జనం ఇప్పటికీ పదివేల లోపే.

అసలు సంగతి 1917 మార్చిది. మొగిల్యోవ్ నుంచి ఇంటికి బయల్దేరిన జార్, అంటే రష్యా చక్రవర్తి, రెండో నికొలాయ్ రైలుని, ముందున్న స్టేషన్లు తిరుగుబాటుదారుల చేతిలో ఉన్నాయని తెలిసి, మాలయా విషెరాలో వెనక్కి తిప్పారు. అది చుట్టూ తిరిగి ఇక్కడికొచ్చింది. ద్యూమా (అప్పటి రష్యా పార్లమెంటు) అధ్యక్షుడు రొద్జ్యాంకో ఇక్కడ కలుస్తాడని చూశారు, ఆయన రాలేదు. రైలు ప్స్కోవ్ వెళ్లిపోయింది. మర్నాడు రాత్రి అక్కడే, తన రైలు పెట్టెలోనే, గద్దె దిగుతూ జార్ సంతకం పెట్టాడు. అయినా జనం ఊరుకుంటారా? జార్ ‘అడుక్కి’ చేరింది ద్నోలోనే అని కథ కట్టేశారు. మాట అంత బాగా కుదిరాక నిజం ఎవడిక్కావాలి!

నాకు ఒళ్లు మండేదేంటంటే, ఇక్కడ జరగని సంతకం గురించి అందరూ మాట్లాడతారు, జరిగింది ఎవరూ అడగరు. 1941 జూలై నుంచి 1944 ఫిబ్రవరి 24 దాకా ఊరు జర్మన్ల చేతిలో ఉంది. నాలుగు వైపులా పట్టాలున్న చోటాయె, వదులుతారా? అనస్తాసియా బిసెనియెక్ అనే ఆవిడ రైళ్ల కదలికలు కనిపెట్టి పార్టిజన్లకు, అంటే జర్మన్ల మీద చాటుగా పోరాడే గెరిల్లాలకు, కబురంపేది. 1943లో ఆవిణ్ణి చంపేశారు.

ఇప్పుడే ఓ బండి వచ్చి ఆగింది. నారింజ రంగు జాకెట్ వేసుకున్నాయన పొడుగు కర్ర సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి చెవి ఒగ్గి వింటున్నాడు. ఠంగ్, ఠంగ్. పగులుంటే మూగగా మోగుతుందని మీ నాన్నగారు చెప్పేవారు, గుర్తుందా? ఏడో పెట్టె దగ్గర రెండుసార్లు కొట్టాడు. నాకు టెన్షన్! కాసేపు విని, తల ఊపి, ఎనిమిదో దానికి పోయాడు. నాన్నగారికి ఈ సంగతి తప్పకుండా చెప్పు.

నీ
రవి