వచ్చినవాళ్ల లెక్క సరే, ఆ తర్వాత వాళ్లు ఏమయ్యారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

యువత కోసం పెట్టే శిక్షణ శిబిరాల మీద పత్రికల్లో వచ్చే వార్తలన్నీ ఒకే మూసలో ఉంటాయి. ఇన్ని వందల మంది పాల్గొన్నారు, ఇంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చారు, కింద బ్యానర్ పట్టుకుని అందరూ నవ్వుతున్న ఫోటో. ఆ ఫోటోలో ఉన్నవాళ్లు ఏడాది తిరిగాక ఏం చేస్తున్నారో మాత్రం ఎక్కడా కనిపించదు. తప్పు మీ విలేకరులది అనను, నిర్వాహకులు పంపే నోట్‌లోనే ఆ ముక్క ఉండదు. నాకెలా తెలుసంటే, కొన్నాళ్లు అలాంటి నోట్లు రాసింది నేనే.

నేను పనిచేసిన చోట మొదటి రోజు పిల్లలకు ఒక ఫారం ఇచ్చేవాళ్లం, చివరి రోజు మళ్లీ అదే ఫారం. 'నలుగురిలో ధైర్యంగా మాట్లాడగలను' అనే వాక్యానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేసుకోవాలి. ఒకబ్బాయి మొదటి రోజు ఆలోచించకుండా ఐదు చుట్టి ఇచ్చాడు. మూడు నెలల తర్వాత, అప్పటికి వాడు మైకు పట్టుకుంటే వదలడం లేదు, మూడు చుట్టాడు. ఇదేంట్రా తగ్గించావు అంటే, "అప్పుడు నేనసలు ఎప్పుడు మాట్లాడాను మేడమ్, ఇప్పుడు మాట్లాడుతుంటే కదా ఎంత కష్టమో తెలుస్తోంది" అన్నాడు. మనిషి ఎదిగాడు, కాగితం మీద రెండు మార్కులు పడిపోయాడు. ఆఫీసులో ఆ ప్రశ్నకు సగటు తగ్గిందని చూసి 'దీన్ని రిపోర్టులోంచి తీసేద్దాం' అన్నారు, తీసేశాం. ఇది మదింపు పని చేసేవాళ్లకు బాగా తెలిసిన ఇబ్బందే. నేర్చుకునే కొద్దీ మనిషి తనను తాను కొలుచుకునే గజం మారిపోతుంది. అందుకే కొందరు చివర్లోనే 'అప్పుడు ఎలా ఉన్నావు, ఇప్పుడు ఎలా ఉన్నావు' అని రెండూ కలిపి అడుగుతారు. దాంట్లోనూ తిరకాసు ఉంది, నేర్పినవాళ్లు ఎదురుగా నిలబడి ఉంటే ఏమీ మారలేదని రాయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

పోనీ, మంచి ఉద్దేశంతో చేస్తున్న పని కదా, ఈ లెక్కలన్నీ ఎందుకు అనేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అలాగే అనేదాన్ని. నా అభిప్రాయం మార్చింది అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో జరిగిన ఒక పాత ప్రయోగం. 1939లో కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో అది మొదలైంది. 506 మంది అబ్బాయిలను వయసు, కుటుంబం, స్వభావం చూసి జతలుగా విడదీశారు. ప్రతి జతలో ఎవరికి సాయం అందాలో నాణెం ఎగరేసి తేల్చారు. ఎంపికైనవాళ్ల ఇళ్లకు కౌన్సెలర్లు సగటున ఐదేళ్ల పాటు వెళ్లారు, చదువు చెప్పించారు, వైద్యం చేయించారు, వేసవి శిబిరాలకు పంపారు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లలో చాలామందిని వెతికి పట్టుకుని, 1978లో ఫలితాలు ప్రచురించారు. సాయం పొందినవాళ్లలో ప్రశ్నలకు జవాబిచ్చినవాళ్లను చూస్తే, మూడింట రెండొంతుల మంది ఆ కార్యక్రమం తమకు మేలు చేసిందనే చెప్పారు. కానీ రికార్డులు తిరగేస్తే, మళ్లీ నేరం చేయడంలో, తాగుడులో, కొన్ని జబ్బుల్లో వాళ్ల పరిస్థితి ఏ సాయమూ అందని జతగాళ్ల కంటే అధ్వానంగా ఉంది. ఎందుకలా జరిగిందన్నది ఇంకా వాదనల్లోనే ఉంది. ఆ 506 మందిలో సగం మందిని అలా పక్కన ఉంచి చూడకపోయుంటే మాత్రం అది గొప్ప విజయంగానే చరిత్రకెక్కేది.

తప్పుదారి పడతారనుకున్న పిల్లలను జైలుకు తీసుకెళ్లి, జీవిత ఖైదీల చేత కేకలు పెట్టించి భయపెట్టే 'స్కేర్డ్ స్ట్రెయిట్' తరహా కార్యక్రమాలదీ ఇదే కథ. 1970లలో వాటికి వచ్చిన పేరు అంతా ఇంతా కాదు. ఎవరు వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చి చేసిన అధ్యయనాలను తర్వాత కలిపి చూస్తే, వెళ్లొచ్చిన పిల్లలే వెళ్లనివాళ్ల కంటే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. అప్పటిదాకా 'భయపడ్డారు, దారిలో పడ్డారు' అనే చాలామంది నమ్మారు.

కుర్రాళ్లు వయసుతో పాటు ఎలాగూ మారతారు. పైగా మన దగ్గరికి వాళ్లను తీసుకొచ్చేది పరిస్థితి బాగా చెడిపోయినప్పుడు కాబట్టి, మనం ఏమీ చేయకపోయినా కొందరు తేరుకుంటారు. ఆ మార్పంతా మన శిబిరం ఖాతాలో రాసుకోవడం కుదరదు. సీట్లు ముప్పై ఉండి అరవై మంది వస్తే చీటీలు తీయండి, చీటీ రానివాళ్ల ఫోన్ నంబర్లు కూడా దాచుకోండి, ఏడాది తర్వాత చీటీ వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ ఫోన్ చేయండి. చీటీ తీయడం అన్యాయం అంటారు, ముందు వచ్చినవాళ్లకో తెలిసినవాళ్లకో ఇవ్వడం కంటే అదేం అన్యాయం కాదు. ఇంత చిన్న సంఖ్యలతో గట్టి తీర్పు ఇవ్వలేం, ఒప్పుకుంటాను, కానీ చప్పట్లు విని తీర్పు ఇవ్వడం కంటే నయం.

ఇక శాతాల సంగతి. నలభై మంది చేరారు, ఇరవై రెండు మంది చివరిదాకా ఉన్నారు, అందులో పద్దెనిమిది మందికి ఉద్యోగం వచ్చింది అనుకుందాం. బ్రోచర్‌లో '82 శాతం ప్లేస్‌మెంట్' అని వేస్తారు. చేరినవాళ్లందరినీ లెక్కేస్తే అది 45. మధ్యలో మానేసిన పద్దెనిమిది మంది ఏమయ్యారో ఎవరికీ పట్టదు, నిజానికి కార్యక్రమంలో లోపం ఎక్కడుందో చెప్పగలిగేది వాళ్లే. ఒకసారి నేను అలా మానేసిన అమ్మాయికి ఫోన్ చేస్తే, క్లాసు అయ్యేసరికి చీకటి పడుతోందని, ఒక గంట ముందు పెడితే వచ్చేదాన్నని చెప్పింది. అరనిమిషం కూడా పట్టలేదు. మా ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఆ ప్రశ్నే లేదు, ఉన్నా అది నింపడానికి తను అక్కడ లేదు.

డబ్బిచ్చేవాళ్లకూ ఒక మాట. మంచి అంకె చూపించినవాళ్లకే వచ్చే ఏడాది నిధులు అంటే, సంస్థలు ఎలాగూ గట్టెక్కే పిల్లలనే ఏరుకుని చేర్చుకుంటాయి, అసలు అవసరం ఉన్నవాడు గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. అలాగని కొలవడం మానేయమనడం లేదు. ఫలితం బాగాలేదని నిజాయితీగా రాసినవాళ్ల నిధులు ఆ ఒక్క కారణంతో కోయకండి. ఏడాది తర్వాత ఫోన్లు చేసి కనుక్కునే మనిషి జీతం కూడా బడ్జెట్‌లో పెట్టండి. మా దగ్గర బ్యానర్లకు, ఫోటోలకు పద్దు ఉండేది, దానికి ఉండేది కాదు.

మీకు నా విన్నపం చిన్నది. ఈసారి అలాంటి నోట్ మీ డెస్క్‌కు వచ్చినప్పుడు, పంపినవాళ్లకు ఫోన్ చేసి కిందటేడు బ్యాచ్ ఇప్పుడు ఏం చేస్తోందో, మధ్యలో ఎంతమంది మానేశారో అడగమని మీ విలేకరులకు చెప్పండి. జవాబు వస్తే వెయ్యండి, రాకపోతే రాలేదని వెయ్యండి.

– ఒకప్పుడు ఆ నోట్లు రాసిన పాఠకురాలు