మనిషి లేని ఓడకు జవాబుదారు ఎవరో ముందే రాయించండి

కేంద్ర ఓడరేవులు, షిప్పింగ్, జలమార్గాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. మాది నల్గొండ జిల్లా, మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లి దిక్కు. సముద్రం లేని జిల్లావాడికి ఓడల గొడవ ఎందుకని అనుకోకండి. తూర్పు తీరంలో ఒక పోర్టులో తొమ్మిదేళ్లు కాంట్రాక్టు కూలీగా చేశాను. ఓడ బెర్తుకు, అంటే రేవులో అది ఆగే చోటుకు, రాగానే పైనుంచి విసిరే సన్న తాడు అందుకుని, దాని వెనక వచ్చే లావు మోకును లాగి జెట్టీ మీది ఇనుప గుంజకు తగిలించడం నా పని.

ఒక తెల్లవారుజామున, మోకు వేస్తుంటే పక్కనున్న పాలమూరు తమ్ముడి చెయ్యి మోకుకూ గుంజకూ మధ్య ఇరుక్కుంది. పైన ఓడలో మోకును చుట్టి లాగే వించి యంత్రం తిరుగుతూనే ఉంది, మోకు బిగుస్తోంది, మేం నలుగురం గొంతు చించుకుని అరిచాం. డెక్కు అంచున నిలబడ్డ మనిషి, ఏ దేశంవాడో, మా మాట ఒక్కటీ అర్థం కాకపోయినా ఆ కేక విని చెయ్యెత్తి వించి ఆపించాడు. రెండు వేళ్లు పోయాయి, చెయ్యి దక్కింది.

పరిహారం కోసం తిరిగితే కాంట్రాక్టరు ఓడవాళ్లను అడగమన్నాడు, ఓడ ఏజెంటు కాంట్రాక్టరును అడగమన్నాడు, ఈలోగా ఓడ వెళ్లిపోయింది. మనుషులున్న ఓడతోనే ఇంత తిప్పలు.

ఇప్పుడు మనుషుల్లేకుండా నడిచే ఓడలు వస్తున్నాయి. అలా నడపాలనే కట్టిన యారా బిర్కెలాండ్ అనే కరెంటు ఓడ నార్వేలో 2022 నుంచి కంటైనర్లు మోస్తోంది. అంతర్జాతీయ సముద్ర రవాణా సంస్థ ఐఎంఓ వీటికోసం తెస్తున్న నియమాల కోడ్‌ను తప్పనిసరి చేయాలనుకున్నది మాత్రం 2032 జనవరి 1 నుంచి. ఓడలు ఢీకొనకుండా 1972లో పెట్టుకున్న అంతర్జాతీయ నియమాల్లో ఐదోది, ప్రతి ఓడా ఎప్పుడూ కంటితోనూ చెవితోనూ కాపలా కాయాలంటుంది. కెమెరా చూస్తుంది, సరే. జెట్టీ మీద కేక వేస్తే వినేదెవరు సార్?

2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే ఓడకు కరెంటు పోయి వంతెనను గుద్దింది. ఓడలో ఉండి దారి చూపే పైలట్ ప్రమాదమని చెప్పించబట్టే పోలీసులు వంతెన మీదికి బండ్లు రాకుండా ఆపగలిగారు. పైన రోడ్డు గుంతలు పూడుస్తున్న కూలీలకు మాత్రం ఆ కబురు సమయానికి అందలేదు, ఆరుగురు చనిపోయారు. వాళ్లూ మాలాంటివాళ్లే.

1908 నాటి పోర్టుల చట్టం, 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం తీసేసి 2025లో కొత్తవి తెచ్చారు. ఈ ఓడల సంగతి వాటి కింది రూల్స్‌లోనే స్పష్టంగా రాయించండి. సిబ్బంది లేని ఓడ మన బెర్తుకు రావాలంటే, దాన్ని ఒడ్డునుంచి నడిపే మనిషి పేరు ముందే పోర్టులో నమోదు కావాలి. వించి ఆపే వీలు జెట్టీ మీద పనిచేసేవాళ్ల చేతిలో ఉండాలి. ప్రమాదం జరిగితే ఆ ఓడ రికార్డులు అప్పగించకుండా, పరిహారానికి పూచీకత్తు కట్టకుండా లంగరెత్తనివ్వకూడదు. కూలీకి ముందు పోర్టే డబ్బు కట్టి, తర్వాత ఓడవాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి. ఓడను పట్టుకునే బలం పోర్టుకుంది, మాకు లేదు.

ఇది సముద్రం దగ్గరే ఆగేదీ కాదు. మా వజీరాబాద్ నుంచి విజయవాడ దాకా 157 కిలోమీటర్ల కృష్ణను 2008లోనే నాలుగో జాతీయ జలమార్గంలో కలిపారు. రేపు ఇక్కడ జెట్టీ కడితే మోకులు లాగేది మా పిల్లలే.

ఆ తమ్ముడి పరిహారం దరఖాస్తు, వెనక్కి వచ్చింది, నా దగ్గరే ఉంది. బాధ్యుడి పేరు, చిరునామా అని ఉన్నచోట ఏం రాయాలో మాకు ఎవరూ చెప్పలేదు, అలాగే ఖాళీగా పంపాం. అక్కడ ఒక పేరు, మన దేశంలో ఒక చిరునామా రాయగలిగేలా చేయండి సార్.

ఇట్లు,
ఒక పాత పోర్టు కూలీ, దామరచర్ల మండలం