బైపోలార్ ప్రశ్నావళి గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

పై తరగతుల పిల్లలందరిచేతా బైపోలార్ డిజార్డర్ (కొన్నాళ్లు మితిమీరిన హుషారు, ఉద్రేకం, కొన్నాళ్లు తీవ్రమైన డిప్రెషన్ వచ్చే మానసిక జబ్బు) ప్రశ్నావళి నింపించి, ముప్పు ఎవరికుందో ముందే తెలుసుకోవచ్చు కదా అని గత సమావేశంలో కొందరు అడిగారు. ఆ బెంగ అర్థం చేసుకోదగ్గదే. ఈ జబ్బు ఎక్కువగా టీనేజీ చివర్లో, ఇరవైల మొదట్లో బయటపడుతుంది. అదేమిటో తేలేసరికి ఏళ్లు గడిచిపోవడమూ ఉంది. అయినా బడిలో అందరికీ ఇవ్వకూడదనే నిర్ణయించాం.

ఇలాంటి ప్రశ్నావళుల్లో విరివిగా వాడే మూడ్ డిజార్డర్ క్వశ్చనేర్ 2000లో పెద్దవాళ్ల కోసం వచ్చింది. నిద్ర తగ్గినా హుషారు తగ్గకపోవడం, ఆగకుండా మాట్లాడటం, ఆలోచనలు పరుగెత్తడం లాంటి 13 విషయాలకు అవును, కాదు అని జవాబివ్వాలి. తర్వాత దాన్ని టీనేజీ పిల్లలకు తగ్గట్టు మార్చారు. అప్పుడు పిల్లలు స్వయంగా నింపినదానికంటే తల్లిదండ్రులు నింపినదే నమ్మదగ్గదిగా తేలింది. ఉద్రేకం పెరిగిన రోజుల్లో తనలో మార్పు వచ్చిందని ఆ మనిషికే తెలియకపోవచ్చు, ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క. వెయ్యిమంది పిల్లల్లో పదిమందికి ఈ జబ్బు ఉందనుకుందాం. ప్రశ్నావళి ఆ పదిమందిలో ఎనిమిదిమందిని పట్టుకుంటుంది, జబ్బు లేని ప్రతి వందమందిలో ఎనభైమందిని సరిగ్గా వదిలేస్తుంది అనుకుందాం. మంచి పరీక్షే అనిపిస్తుంది. కానీ జబ్బు లేని 990 మందిలో 198 మంది కూడా అనుమానితుల జాబితాలోకి వచ్చేస్తారు. అంటే 206 మందిని పిలిచి భయపెడితే, నిజంగా జబ్బున్నవాళ్లు ఎనిమిదిమందే. పైగా ఇద్దరు తప్పిపోతారు, వాళ్ల ఇళ్లలో మాత్రం ఏమీ లేదులే అని నిశ్చింతగా ఉంటారు. పదిహేనేళ్ల పిల్లకు ఒకసారి తగిలించిన పేరు క్లాసులో ఎంత కాలం వెంటాడుతుందో మేం రోజూ చూస్తున్నాం. నిద్రలేమి, పరీక్షల టెన్షన్, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య), ఆందోళన వల్ల కూడా ఈ ప్రశ్నలకు 'అవును' అనే జవాబు రావచ్చు.

ఇవే ప్రశ్నలు డాక్టర్ దగ్గర, ఒక్క పిల్లవాడి గురించి, కుటుంబ చరిత్రతో కలిపి అడిగితే ఉపయోగపడతాయి. స్కోరు ఎక్కువొస్తే అది వివరంగా మాట్లాడటానికి కారణం, జబ్బుందని తీర్పు కాదు.

అందుకే మిమ్మల్ని గమనించమంటున్నాను. గంటకో రకంగా మారే విసుగు, కోపం ఈ వయసులో మామూలే. నాలుగైదు రోజులు వరుసగా మూడు నాలుగు గంటలే నిద్రపోయి అలసట లేకుండా తిరగడం, మాటల వేగం, ఖర్చు, దుడుకుతనం ఒక్కసారిగా పెరగడం మాత్రం వేరు. ఎప్పుడు మొదలై ఎన్ని రోజులు ఉందో రాసి పెట్టుకోండి. తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో ఈ జబ్బు ఉంటే మరింత జాగ్రత్తగా చూడండి. ఆ పిల్లల్లో ముప్పు మామూలు కంటే ఎక్కువే, కానీ చాలామందికి రాదు కూడా.

డిప్రెషన్‌కని డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు మితిమీరిన హుషారు రోజుల గురించి తప్పకుండా చెప్పండి. బైపోలార్ ఉన్నవాళ్లకు డిప్రెషన్ మందులు మాత్రమే ఇస్తే ఉద్రేకం పెరిగే ప్రమాదం ఉంది. చాలా ఇళ్లలో ఈ ఒక్క సంగతి చెప్పకుండా వదిలేస్తారు.

చావు గురించి పిల్లలు మాట్లాడితే ఏ స్కోరు కోసమూ చూడొద్దు. సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలకుండా అదే రోజు వైద్య సాయం తీసుకోండి.

అనుమానం ఉన్నవాళ్లు క్లాస్ టీచర్ ద్వారా కాకుండా నేరుగా మా కౌన్సెలర్‌ని కలవొచ్చు. మీరు చెప్పినది పిల్లల ప్రోగ్రెస్ రికార్డులో రాయం. మీ అనుమతి లేకుండా ఏ ప్రశ్నావళీ ఇవ్వం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు