ఒక ఓటీపీ కోసం పంతొమ్మిది రోజులు

తెనాలి,
ఆగస్టు 4, 2025.

విదేశీ చదువుల కన్సల్టెన్సీ విజయవాడ బ్రాంచి మేనేజర్ గారికి, హైదరాబాద్‌లో ఉంటారని మీ వాళ్ళు చెప్పే ఎండీ గారికి,

నమస్కారం.

విషయం: మా అమ్మాయి మ్యాథ్స్ ప్లేస్‌మెంట్ టెస్ట్, మీరు ఇవ్వని ఓటీపీ, మీరు ఎత్తని ఫోన్.

ఇంగ్లీషులో పంపిన నాలుగు మెయిళ్ళకీ మీ దగ్గర్నుంచి ఒకటే జవాబు వచ్చింది: మీ ప్రశ్న మాకు చాలా ముఖ్యం, 48 గంటల్లో సంప్రదిస్తాం అని. ఆ 48 గంటలు ఇంకా అయినట్టు లేదు. అందుకే ఈసారి తెలుగులో, చేత్తో రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. కనీసం సంతకం పెట్టి తీసుకోవడానికైనా మీలో ఒక మనిషి బయటికి రావాలి కదా.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఏ రోజు ఎవరికి ఫోన్ చేశానో, ఎవరేం చెప్పారో లెసన్ ప్లాన్ నోట్సు వెనక పేజీల్లో రాసుకోవడం నాకు అలవాటు. జూన్ 28 నుంచి జూలై 16 దాకా మీకు చేసిన ఫోన్లు 43. ఎత్తినవి 17. ఆ పదిహేడులో నా మాట చివరిదాకా విన్నవి రెండు.

మేం మీకు కొత్త వాళ్ళం కాదు. 2021లో మా పెద్దాడిని ఎమ్మెస్‌కి మీ ద్వారానే పంపాం. మీ ఆఫీసు మెట్ల పక్కన ఫ్లెక్సీలో పైనుంచి రెండో వరుస, కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడు మా వాడే. ఆ తర్వాత మా అక్క కొడుకు, మా స్కూల్లో తెలుగు మాస్టారి అమ్మాయి, మా పక్కింటివాళ్ళ అబ్బాయి కూడా మీ దగ్గరికే వచ్చారు. అందరికీ నేనే చెప్పాను. నాకు కమీషన్ ఏమీ ముట్టలేదు, బాగా చూసుకుంటారని చెప్పానంతే. ఇప్పుడు స్టాఫ్ రూమ్‌లో తెలుగు మాస్టారు నన్ను చూసి నవ్వుతుంటే ఎటు చూడాలో తెలియడం లేదు.

సంగతిలోకి వస్తాను. మా చిన్నదానికి అమెరికాలో ఇంజనీరింగ్ బీఎస్ సీటు వచ్చింది. మే మొదట్లోనే వీసా కూడా అయిపోయింది. అక్కడ కాలేజీలో చేరేముందు లెక్కల్లో ప్లేస్‌మెంట్ టెస్ట్ రాయాలి. ఆ మార్కును బట్టే మొదటి సెమిస్టర్‌లో కాలిక్యులస్‌లో కూర్చోబెట్టాలా, దానికంటే కింది మెట్టు కాలేజ్ ఆల్జీబ్రాలో కూర్చోబెట్టాలా అన్నది తేలుస్తారు. మా అమ్మాయికి ఇంటర్‌లో 1ఏ, 1బీ, 2ఏ, 2బీ నాలుగూ కలిపి 300కి 291 వచ్చాయి. లిమిట్స్, డెరివేటివ్స్, ఇంటిగ్రేషన్ అన్నీ అయిపోయిన పిల్ల.

జూన్ 27న మీ ఆఫీసులోనే టెస్ట్ రాయించారు. పక్కన కూర్చున్న మీ కౌన్సెలర్ అమ్మాయి "ఇది జస్ట్ ఫార్మాలిటీ అమ్మా, టెన్షన్ పడకు. డౌటుంటే తెలియదు అని నొక్కేసి వెళ్ళిపో, తొందరగా అయిపోతుంది, కింద క్యాబ్ వెయిటింగ్‌లో ఉంది" అంది. మా పిల్ల పెద్దవాళ్ళు చెప్పినట్టు చేసే రకం. ఇరవై అయిదు నిమిషాల్లో ముగించింది. వందకి 38.

టెస్టుని నేనేమీ అనను. ఆలెక్స్ అంటారు దాన్ని. అమెరికాలో ఇర్విన్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళ పరిశోధనలోంచి పుట్టింది. ప్రశ్నలు 30కి మించవు. మన ఎంసెట్‌లా నాలుగు ఆప్షన్లు ఇవ్వరు, జవాబు మనమే టైప్ చేయాలి. మనం ఒక్కో జవాబు ఇచ్చేకొద్దీ తర్వాతి ప్రశ్న మారుతుంది. లాగరిథమ్ ప్రశ్నకి తెలియదు అని నొక్కితే, దాని మీద ఆధారపడేవి కూడా ఈ పిల్లకి రావని లెక్కేసుకుని పక్కకి పోతుంది. తెలివైన ఏర్పాటే. నేనూ క్లాసులో ఒక పిల్లాడికి భిన్నాలు రావని తెలిస్తే ఆరోజుకి వాడిని సమీకరణాలు అడగను. అలాంటి పరీక్షలో "తెలియదు నొక్కేసెయ్" అని సలహా ఇవ్వడం ఎలాంటిదంటే, డాక్టరు ఎక్కడ నొప్పి అని అడిగితే అంతా నొప్పే అని చెప్పించి, ఆపరేషన్ చేయించుకోమన్నట్టు.

సరే, సలహా తప్పయింది. మనుషులం, పొరపాట్లు చేస్తాం. ఆ మర్నాడే మీరు ఫోన్ ఎత్తి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు. ఎందుకంటే ఆ టెస్ట్ మళ్ళీ రాయవచ్చు. 48 గంటలు ఆగాలి, ఆ సైట్లోనే అయిదు గంటలు ప్రాక్టీసు చేయాలి, జూలై 18 లోపు రాసేయాలి. ఆ యూనివర్సిటీ పెట్టిన రూలు ఇంతే. మా పిల్లకి అయిదు గంటలు ఒక లెక్కా?

కానీ లాగిన్ మీ చేతిలో ఉంది. అప్లికేషన్ నింపినప్పుడు మెయిల్ ఐడీ మీరే క్రియేట్ చేశారు, ఫోన్ నంబరు మీ ఆఫీసుది ఇచ్చారు. "అన్నీ మేమే చూసుకుంటాం మేడమ్, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నారు. నిశ్చింతగానే ఉన్నాం. యూనివర్సిటీ పోర్టల్‌లోకి వెళ్ళాలంటే ఓటీపీ రావాలి. అది మీ ఫోన్‌కి వస్తుంది. ఆ ఫోన్ ఎవరి దగ్గరుందో మీకే తెలియదు.

మొదటి రోజు ఫోన్ ఎత్తినావిడ మా అమ్మాయి పేరు స్పెల్లింగ్ మూడుసార్లు చెప్పించుకుని, టికెట్ రైజ్ చేశానంది. రెండో రోజు ఆదివారం. మూడో రోజు వేరే అబ్బాయి ఎత్తి, టికెట్ క్లోజ్ అయింది మేడమ్ అన్నాడు. పని కాకుండా ఎలా క్లోజ్ అయిందయ్యా అంటే, "సిస్టమ్ ఆటోమేటిగ్గా క్లోజ్ చేస్తుంది మేడమ్" అన్నాడు. అంటే మీ దగ్గర సిస్టమ్ అయినా పనిచేస్తోందన్నమాట, సంతోషం.

జూలై 3న ఎత్తిన అబ్బాయిని జన్మలో మర్చిపోను. ప్లేస్‌మెంట్ టెస్ట్ గురించి బాబూ అనగానే, "ప్లేస్‌మెంట్స్ ఫైనల్ ఇయర్‌లో కదా మేడమ్, ఇప్పట్నుంచే జాబ్ గురించి ఎందుకు టెన్షన్?" అన్నాడు. ఉద్యోగం కాదు నాయనా, లెక్కల్లో ఏ క్లాసులో వేయాలో తేల్చే పరీక్ష అని మొదట్నుంచి చెప్పాను. పది నిమిషాలు ఓపిగ్గా విని, "ఓకే మేడమ్, అర్థమైంది. మిమ్మల్ని మా జాబ్ అసిస్టెన్స్ టీమ్‌కి కనెక్ట్ చేస్తాను" అన్నాడు. చేశాడు కూడా. వాళ్ళు మా అమ్మాయి రెజ్యూమె పంపమన్నారు. పిల్లకి పద్దెనిమిదేళ్ళు. రెజ్యూమెలో ఏం రాయాలి, ముగ్గుల పోటీలో ప్రైజా?

ఆ తర్వాత ఇంకొకావిడ. నేను టీచర్నని తెలిసి, "మీరే మ్యాథ్స్ కదా మేడమ్, మీ పాప పక్కన కూర్చుని చెప్పెయ్యండి" అంది. నా ఉద్యోగ జీవితంలో కాపీ కొట్టించమని నన్ను అడిగిన మొదటి సంస్థ మీదే. రాసి పెట్టుకున్నాను.

అందరూ వీసా పనిలో ఉన్నారని ఒకరు చెప్పారు. ఒప్పుకుంటా. మే నెలాఖరున స్టూడెంట్ వీసాలకి కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఆపేసి జూన్‌లో మళ్ళీ తెరిచారు, తల్లిదండ్రులు మీ ఆఫీసు ముందు బారులు తీరి ఉంటారు. కానీ అదే రోజుల్లో పొద్దున సరిగ్గా పది గంటలకి "ఆషాఢం ఆఫర్, స్ప్రింగ్ ఇన్‌టేక్‌కి ప్రాసెసింగ్ ఫీజు లేదు" అని నాకు వాట్సాప్ పెట్టడానికి మీకు తీరిక దొరికింది. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆ మెసేజీలు పంపే మనిషికి మా ఫైలు అప్పజెప్పి ఉంటే పని ఎప్పుడో అయ్యేది.

రెండుసార్లు సెలవు పెట్టి మీ ఆఫీసుకి వచ్చాను. జూలై 8న రిసెప్షన్‌లో గంటన్నర కూర్చోబెట్టి, సార్ మీటింగ్‌లో ఉన్నారు, రేపు రండి అన్నారు. మా చిన్నప్పుడు ఊళ్ళో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని సుద్దతో రాసేవాళ్ళు, దయ్యం చదువుకుని వెనక్కి పోతుందని. మీ గ్లాసు డోరు మీద కూడా అలాగే రాయించండి. ప్రతి తల్లికీ నోటితో చెప్పే శ్రమ తప్పుతుంది.

జూలై 14న మళ్ళీ వచ్చాను. ఆరోజు మీ ఆఫీసులో నాతో మనిషిలా మాట్లాడింది మంచినీళ్ళు తెచ్చిచ్చిన ఆయన ఒక్కడే. "ఆ ఫోనా అమ్మా, ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది కదా, డ్రాయర్లో పెట్టి పోయింది" అని చూపించాడు. కిటికీ పక్క టేబులు, మూడో డ్రాయర్. తాళం సరిగ్గా పడలేదు, రెండు వేళ్ళ సందు ఉంది. లోపల నల్ల ఫోను, వెనక తెల్ల స్టిక్కరు, దాని మీద స్కెచ్ పెన్నుతో "ఫాల్ 25", అంటే ఈ ఆగస్టులో చేరే పిల్లలదని. ఛార్జర్ వైరు దానికే చుట్టి ఉంది. మా పిల్ల ఒక ఏడాది చదువు ఆ సందులోంచి నాకు కనిపిస్తోంది. తీయండయ్యా అంటే, తాళంచెవి ఆ అమ్మాయి దగ్గరే ఉండిపోయిందట, కొత్త తాళానికి అడ్మిన్ అప్రూవల్ కావాలట. మీ టీమ్ లీడ్ వచ్చి నాకు ఎస్కలేషన్ ప్రాసెస్ వివరించి వెళ్ళాడు. డ్రాయర్ వైపు కన్నెత్తి చూడలేదు.

ఆ రోజు బస్సులో ఏడ్చాను. కోపంతోనే.

మర్నాడు రాత్రి మా అమ్మాయే ఆ యూనివర్సిటీ లెక్కల డిపార్ట్‌మెంటుకి తన సొంత మెయిల్ నుంచి నాలుగు వాక్యాలు రాసింది. అక్కడ పొద్దున ఎనిమిదైతే మనకి సాయంత్రం ఆరున్నర. 16వ తేదీ సాయంత్రం ఏడింటికల్లా ఆ డిపార్ట్‌మెంటులో ఒకావిడ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. వీడియో కాల్‌లో పాస్‌పోర్ట్ చూపించమన్నారు, చూపించింది. తొమ్మిదిలోపు కొత్త మెయిల్, కొత్త నంబరు, కొత్త లాగిన్. ఆవిడ మాకు ముక్కూ మొహం తెలియదు. మేము ఆవిడకి ఒక్క రూపాయి ఇవ్వలేదు. పైగా ఆలస్యమైనందుకు సారీ కూడా చెప్పింది! మీరు మాకు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్నారు, 85,000 తీసుకున్నారు, అందులో 15,000 "పోస్ట్ అడ్మిషన్ సపోర్ట్" అని రసీదులో విడిగా వేశారు.

18న మళ్ళీ రాసింది. గంటన్నర పట్టింది. 84 వచ్చింది. కాలిక్యులస్ 1కి 75 చాలు.

హమ్మయ్య, అయిపోయిందిగా, ఇంకా ఎందుకు గొడవ అంటారేమో. 21న కోర్సుల రిజిస్ట్రేషన్‌కి వెళ్ళేసరికి కాలిక్యులస్ 1 సెక్షన్లన్నీ నిండిపోయాయి. జూన్‌లోనే మార్కు తెచ్చుకున్న పిల్లలు సీట్లు తీసేసుకున్నారు. మా అమ్మాయి వెయిట్‌లిస్ట్‌లో 11వ నంబరు. అది దొరక్కపోతే దాంతోపాటు చేయాల్సిన ఫిజిక్స్ కూడా వచ్చే సెమిస్టర్‌కి పోతుంది. స్టూడెంట్ వీసా మీద ఉన్న బీఎస్ పిల్లలు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్ల కోర్సులు తీసుకోవాలి కాబట్టి ఆ ఖాళీలో ఇంకేదో పనికిరాని కోర్సు పెట్టుకుని దానికీ డాలర్లు కట్టాలి. ఆ డాలర్లు మా ఆయన పీఎఫ్ లోన్‌లోంచి వెళ్తాయి. మీకు సంబంధం లేని విషయం అనుకోండి, చెప్పానంతే.

ఇంత జరిగాక జూలై 23న మీ ఇన్‌స్టాగ్రామ్‌లో మా అమ్మాయి ఫోటో వేశారు. పూలదండ ఫ్రేము, కింద "మా మరో విజయం". ఎవరి విజయమండీ? మమ్మల్ని అడిగారా? ఆ ఫోటో వేసిన చేతికి ఫోను ఎత్తడం చేతకాలేదా?

నాకేం కావాలంటే, ఆ 15,000 వెనక్కి కావాలి. డబ్బు కోసం కాదు, మీరు చేయని పనికి మీ దగ్గర ఉండకూడదు కాబట్టి. మా ఇద్దరు పిల్లల ఫోటోలూ తీసేయాలి, ఫ్లెక్సీ మీదది కూడా. మా పిల్ల పేరుతో మీ దగ్గరున్న మెయిల్ ఐడీలు, పాస్‌వర్డులు అన్నీ రాసిచ్చి, మీ వైపు డిలీట్ చేశామని కాగితం ఇవ్వాలి. ఇంకా ఆ డ్రాయర్లో ఎంతమంది పిల్లల ఓటీపీలు పడి ఉన్నాయో చూసుకోండి, మీకు పుణ్యం ఉంటుంది. అన్నిటికన్నా ముందు నాకు జవాబు కావాలి. కింద ఒక మనిషి పేరు, సంతకం ఉన్న జవాబు. "టీమ్ సపోర్ట్" అని ఉన్నది నేను లెక్కలోకి తీసుకోను.

ఆగస్టు 20 దాకా చూస్తాను. ఆ తర్వాత 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను, గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. అయిదు లక్షలలోపు అయితే కేసు ఫీజు కూడా లేదు, కనుక్కున్నాను. లాయరు అక్కర్లేదు, నా నోట్సు చాలు. అదీ కాకపోతే సెప్టెంబరులో తెనాలిలో మీరు పెట్టే సెమినార్‌కి వస్తాను. ముందు వరుసలో కూర్చుని, ప్రశ్నలడగండి అన్నప్పుడు లేచి 43 ఫోన్లూ తేదీలవారీగా చదువుతాను. మైకు ఇవ్వకపోయినా ఫరవాలేదు. అరవైమంది పిల్లలున్న క్లాసులో చివరి బెంచీకి వినిపించే గొంతు నాది.

నా ఫోన్ నంబరు మీ దగ్గర ఉంది, రోజూ పదింటికి మెసేజ్ వస్తూనే ఉంది. సాయంత్రం అయిదు తర్వాత చేయండి, పగలు క్లాసులో ఉంటాను.

ఇట్లు,
మీ ఫాల్ 25 విద్యార్థిని తల్లి

జతపరిచినవి: 15,000 రసీదు జిరాక్సు, నోట్సు వెనక పేజీలు ఆరు.