ఆల్ రీజియన్ అని అమ్మిన బ్లూరే ప్లేయర్లు వెనక్కి తీసుకుంటున్నాను

మా కొట్టుకు వచ్చే అందరికీ నమస్కారం. దసరా ముందు నుంచి మొన్నటి దాకా మా గవర్నర్‌పేట కొట్టులో "ఆల్ రీజియన్", అంటే ఏ దేశపు డిస్కైనా ఆడతాయని చెప్పి 26 బ్లూరే ప్లేయర్లు అమ్మాను. అవి ఆల్ రీజియన్ కావు. డీవీడీలైతే ఏ దేశానివైనా ఆడతాయి. బ్లూరే దగ్గరికి వచ్చేసరికి మన దేశానికి పెట్టిన 'సి' లాక్, అంటే వేరే దేశాలకని లాక్ చేసిన డిస్కుల్ని ఆడనివ్వనిది, వాటిలో అలాగే ఉంది. ఇది ఇంకొకరి నోటి నుంచి మీకు తెలియక ముందే నేను చెప్పాలి.

బయటపడింది మా మాస్టారి వల్ల. రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్, నేను కొట్టు పెట్టిన కొత్తలో నుంచీ వస్తున్నారు. డల్లాస్‌లో ఉన్న వాళ్లమ్మాయి పంపిన పాత సినిమా బ్లూరే తెచ్చి, "దీన్ని మన పెట్టె ఒప్పుకోవట్లేదు బాబూ" అన్నారు. కౌంటర్ మీది టీవీకి కలిపి పెట్టి చూశాను. డిస్క్ గిర్రున తిరిగింది, ఈ ప్లేయర్‌లో ఈ డిస్క్ ఆడదని నల్ల తెర మీద ఇంగ్లీషులో ఒక్క వాక్యం వచ్చింది. రిమోట్‌లో ఏది నొక్కినా మూలన అడ్డగీత ఉన్న చిన్న గుండ్రం. డిస్క్ బయటికి తీసే బటన్ తప్ప ఇంకేదీ మా మాట వినలేదు. మాస్టారు ఒక్క మాట కూడా అనలేదు. జేబురుమాలుతో డిస్క్‌ను మధ్య నుంచి అంచుకు మెల్లగా తుడిచి కవర్లో పెట్టుకున్నారు. ఆయన నాలుగు మాటలు అనుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టేది.

అసలు సంగతి ఇది. డీవీడీల కోసం దేశాలన్నిటినీ 6 ప్రాంతాలుగా పంచారు. మనది 5. అమెరికా 1, గల్ఫ్ 2, సింగపూర్ 3, ఆస్ట్రేలియా 4. పిల్లలు ఎక్కడ స్థిరపడితే ఆ అంకె డిస్కు మన ఇంటికొస్తుంది. బ్లూరేకి మళ్లీ వేరే పంపకం: అమెరికాకు ఎ; యూరప్, ఆస్ట్రేలియాలకు బి; మనకు సి. అంటే ఒకే పెట్టెలో రెండు తాళాలు. నేను అమ్మిన వాటిలో మొదటి తాళమే తీసి ఉంది. నేను పరీక్షించిందీ అదే. అమెరికా డీవీడీ ఒకటి పెట్టాను, ఆడింది, సరేననుకున్నాను. నా దగ్గరున్న ఒకే ఒక్క 'ఎ' బ్లూరే అప్పుడు బంధువుల ఇంట్లో ఉంది. పండగ రద్దీ కదా, అది వచ్చేదాకా ఆగలేదు. ఈ తప్పు నాది.

ఇన్నాళ్లు ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఉంది. పెద్ద స్టూడియోల బ్లూరేల్లో చాలావాటికి అసలు లాక్ వేయరు. 4కె డిస్కులకైతే రీజియన్ అన్నదే లేదు. పాత సినిమాలను బాగుచేసి విడుదల చేసే చిన్న కంపెనీలు ఒక్కో దేశానికే హక్కులు కొంటాయి కాబట్టి లాక్ ఎక్కువగా వాళ్ల డిస్కులకే ఉంటుంది. మాస్టారి లాంటి వాళ్లు వెతికి తెప్పించుకునేవి కూడా అవే.

ఇక సరుకు పంపిన డీలర్. పేరు రాయను. తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాను, ఒక్క చెక్కు వెనక్కి పోలేదు, ఒక్కసారి వాయిదా అడగలేదు. "బ్లూరే కూడా అన్నీ ఆడతాయా?" అని ఫోన్లో రెండుసార్లు అడిగాను. "అన్నీ అంటే అన్నీ" అన్నాడు. ఇప్పుడు అడిగితే "ఆల్ రీజియన్ డీవీడీ అని బిల్లులో ఉంది, చూసుకోలేదా" అంటున్నాడు. బిల్లు తీసి చూశాను. నిజమే, అలాగే ఉంది. మాట మీద వ్యాపారం చేసేవాడిని బిల్లు చూసుకోలేదని దెప్పితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మూడు రోజులు ఆయన ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు కొరియర్‌లో ఒక పెన్‌డ్రైవ్ వచ్చింది. అందులోని సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే లాక్ పోతుందట.

నేను నలిగిపోయింది ఈ పెన్‌డ్రైవ్ దగ్గరే. నా స్టాకులోంచి రెండు తీసి ఎక్కించాను. మొదటిది బంగారంలా ఆడింది. రెండోది తెర మీద కంపెనీ లోగో దగ్గర ఆగిపోయి మళ్లీ లేవలేదు. మూత విప్పి చూస్తే ఒకే మోడల్ అయినా లోపల బోర్డులు వేరు. ఏ పెట్టెలో ఏ బోర్డుందో బయటి నుంచి తెలిసే దారి లేదు. మా కుర్రాళ్లు "చాలావరకు బాగానే అవుతాయి, పోయినవాటికి మాత్రం డబ్బులిద్దాం" అన్నారు. లెక్క చూస్తే నాకూ అదే తక్కువ నష్టం. నాలుగు రాత్రులు ఆలోచించాను. మీ ఇంట్లోని వస్తువు మీద నేను పందెం కాయలేను. ఆ పెన్‌డ్రైవ్ తిరిగి డీలర్‌కే పంపేశాను. ఆయనకు బాకీ ఉన్నది కూడా పైసాతో సహా కట్టేశాను. ఇక ఆయన సరుకు నా కొట్టు గుమ్మం ఎక్కదు, ఎంత తక్కువకిచ్చినా సరే.

"లాక్ తీసేసి మామూలు డిస్కులో కాపీ కొట్టివ్వండి" అని ముగ్గురు నలుగురు అడిగారు. ఆ పని చేయను. చుట్టూ అందరూ పైరసీ సీడీలు అమ్మిన రోజుల్లోనే నేను ఒక్కటి పెట్టలేదు. కొన్న డిస్కును కొన్నవాళ్లు తమ ఇంట్లో చూసుకోగలగాలి, నా పోరాటమంతా దానికోసమే. కాపీ కొట్టడం వేరే సంగతి.

ఇంకొకటి ఒప్పుకోవాలి. ఈ ప్లేయర్లలో మొదట వచ్చే హెచ్చరికలు, ట్రైలర్లు దాటేయొచ్చని మా వాళ్లు కొందరికి చెప్పారట. అది రీజియన్‌తో సంబంధం లేని విషయం. ఏ చోట ఏ బటన్ పనిచేయకూడదో డిస్కులోనే రాసి ఉంటుంది, ప్లేయర్ దానికి లోబడుతుంది. డీవీడీకైతే స్టాప్ రెండుసార్లు నొక్కి ప్లే నొక్కండి, కొన్ని ప్లేయర్లలో నేరుగా సినిమా మొదలవుతుంది. అన్నిటిలోనూ అవుతుందని మాత్రం మాటివ్వను. డబ్బిచ్చి కొన్న మనిషిని రోజూ అదే ట్రైలర్ ముందు కూర్చోబెట్టడం నాకు మొదటి నుంచీ నచ్చదు.

ప్లేయర్ తెచ్చివ్వండి, పూర్తి డబ్బు ఇస్తాను. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు, నా పుస్తకంలో ఉంది. డీవీడీలే చూస్తాం, ఉంచుకుంటాం అంటే మామూలు ప్లేయర్ కంటే ఎక్కువ తీసుకున్న 1,800 రూపాయలు వెనక్కి ఇస్తాను. పెద్దవాళ్లు రానక్కర్లేదు, ఫోన్ చేస్తే కుర్రాడిని పంపుతాను. ఇకనుంచి అమ్మే ప్రతి ప్లేయర్‌లో 1, 2 ప్రాంతాల డీవీడీలు, ఎ, బి ప్రాంతాల బ్లూరేలు మీ కళ్ల ముందే ఆడించి, ఆ తర్వాతే డబ్బు తీసుకుంటాను. కొత్త సరుకు రావడానికి నెల పట్టొచ్చు.

అప్పటిదాకా మాస్టారికి మా ఇంట్లోని ప్లేయర్ ఇచ్చాను. మా బావమరిది అమెరికా నుంచి తెచ్చింది, 110 వోల్టుల కరెంటుదే. మొన్న సాయంత్రం ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా వాళ్లింటికి తీసుకెళ్లి కలిపి, అమ్మాయి పంపిన డిస్క్ ఆడించి చూపించి వచ్చాను. ప్లేయర్‌ను నేరుగా గోడ ప్లగ్గులో పెట్టకూడదని గుర్తుండేలా ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎర్ర టేపు అంటించాను.