జీడిపిక్కల ధరకు ఒక్క అంకె చాలదు

సంపాదకుల వారికి,

ఏటా వేసవిలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో జీడిపిక్కలు చేతికొచ్చే వేళకు ఒకటే వాదం మొదలవుతుంది. విదేశీ పిక్కలు దిగడం వల్లే ఎనభై కిలోల బస్తా ధర పడిపోతోందని రైతులు వాపోతారు. ఇక్కడి పంట చాలక, ధర గిట్టక ఆఫ్రికా సరుకు తెప్పించుకుంటున్నామని పలాస పరిశ్రమల వారు బదులిస్తారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు, ఎందుకంటే దిగుమతి వల్ల ధర తగ్గుతుంది, పెరిగిన ధర దిగుమతిని రప్పిస్తుంది. కాబట్టి గడచిన ఏళ్ల ధరలనూ దిగుమతులనూ పక్కపక్కన పేర్చి వాటి మధ్య ఒక గీత గీస్తే, అందులో ఈ రెండు సంబంధాలూ విడదీయలేనంతగా కలిసిపోయి ఉంటాయి. అలాంటి గీతను నమ్మి మద్దతు ధర నిర్ణయించడం రైతుకు తీరని అన్యాయం.

ఈ ముడి విప్పే దారిని 1928లో ఫిలిప్ రైట్ అనే అమెరికా ఆర్థికవేత్త చూపించారు. అదీ నూనెల దిగుమతి సుంకాల మీద రాసిన గ్రంథంలోనే. ఒక సంబంధాన్ని కదిలిస్తూ రెండోదాన్ని నేరుగా తాకని బయటి కారణం దొరికితే రెండింటినీ వేరు చేయవచ్చు. ఆర్థిక సంబంధాలను గణాంకాలతో కొలిచే అర్థమితి శాస్త్రంలో దాన్నే ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ అంటారు.

మనకు అలాంటిది దొరుకుతుందా? పంట తగ్గి ధర మారినప్పుడు దిగుమతి ఎంత పెరుగుతుందో తేల్చడానికి 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపాను పనికొస్తుందని ఎవరికైనా తోస్తుంది. కానీ తిత్లీ తోటలను మాత్రమే కూల్చలేదు. కరెంటు స్తంభాలు ఒరిగి రోజుల తరబడి ఊళ్లు చీకట్లో ఉన్నాయి, పిక్కలు కొనే పరిశ్రమలూ దెబ్బతిన్నాయి. అంటే ధరతో పాటు దిగుమతినీ అది నేరుగా తాకింది. ఇక దిగుమతి వల్ల ధర ఎంత తగ్గుతుందో తేల్చడానికి సుంకాన్ని వాడుదామంటే, ముడి పిక్కలపై దాన్ని 5 నుంచి 2.5 శాతానికి తగ్గించింది కూడా 2018-19 కేంద్ర బడ్జెట్‌లోనే. సుంకం తగ్గించాలని అడిగింది పరిశ్రమ వారే, కాబట్టి అది పూర్తిగా బయటి కారణం కాదు. పైగా తర్వాతి వేసవి ధరల్లో సుంకం ప్రభావమెంతో, తుపాను ప్రభావమెంతో విడదీయడం ఎలా? అంత చిన్న మార్పు దిగుమతులను గట్టిగా కదిలించకపోతే, దానిపై ఆధారపడి కట్టిన అంచనా తిరిగి ఆ పాత తప్పుడు గీత వైపే ఒరుగుతుంది. పైకి మాత్రం శాస్త్రీయంగా కనిపిస్తుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

మంచి ఇన్‌స్ట్రుమెంట్ లేనప్పుడు ఒక్క అంకె చెప్పకూడదు. కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత అని ఒక పరిధి చెప్పాలి, అది ఏ ఊహల మీద నిలిచిందో కూడా రాయాలి. దిగుమతులను గట్టిగా కదిలించలేని బలహీనమైన ఇన్‌స్ట్రుమెంట్‌తోనూ నిజాయతీగా పరిధి కట్టే ఆండర్సన్-రూబిన్ పరీక్ష 1949 నుంచీ ఉంది. ఆ పరిధి మరీ వెడల్పుగా వస్తే, మన దగ్గరున్న సమాచారం అంతవరకే చెప్పగలదని ఒప్పుకోవాలి. అంచనా తేలలేదు కాబట్టి దిగుమతి వల్ల నష్టమే లేదని వాదించడం మాత్రం ఏ లెక్క ప్రకారమూ కుదరదు.

వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో ఏ వారం ఎన్ని బస్తాలు ఏ ధరకు అమ్ముడయ్యాయో, పరిశ్రమలకు ఏ దేశం నుంచి ఎంత సరుకు ఎప్పుడు చేరిందో అధికారులు వారం వారం నమోదు చేసి అందరికీ అందుబాటులో ఉంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వచ్చే పంట మార్కెట్‌కు రాకముందే ఈ పని మొదలుకావాలి.

ఇట్లు,
అర్థశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
పలాస, శ్రీకాకుళం జిల్లా